ఓవెన్ వాల్వు బాగుచేయించాం, ఆ రోజు నుంచీ నాకు నిద్ర లేదు

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం నా మాటల్లో ఇస్తూ, అవసరమైన చోట ఆవిడ మాటలే ఉంచాను.

ఆవిడకి 34 ఏళ్లు. భర్త ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. నాలుగేళ్ల కిందట ఇంట్లోనే కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టారు. వీధిలోవాళ్ల పుట్టినరోజులతో మొదలై ఇప్పుడు క్రిస్మస్‌కీ, డిసెంబరు 31 రాత్రికీ కలిపి వంద పైన ఆర్డర్లు వస్తున్నాయి. పెద్దమ్మాయి స్కూలు ఫీజు ఆ డబ్బులోంచే కడుతున్నారు. "నా సంపాదనతో నేను కొన్న మొదటి పెద్ద వస్తువు ఈ గ్యాస్ ఓవెన్. తుడిచేటప్పుడు కూడా మెత్తటి గుడ్డే వాడతాను" అని రాశారు.

మొన్న జూన్‌లో వంటింట్లో వేడి తట్టుకోలేక ఓవెన్ని పెరటి వసారాలోకి మార్చి, ఇంట్లో ఉన్న రెండో బండ దానికి తగిలించారు. వానజల్లు పడకుండా మూయించిన వసారా అది. ఒక తలుపు, ఒక కిటికీ. అక్కడికి మారిన కొన్నాళ్లకే ఇబ్బంది మొదలైంది. కేకు పెట్టిన ఇరవై నిమిషాలకల్లా మంట ఆరిపోయేది. "అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మంట చిన్నదవుతుంది, ఆరిపోతుంది, ఇంకాసేపటికి లోపలెక్కడో టక్‌మంటుంది. మళ్లీ నాబ్ నొక్కిపట్టుకుని వెలిగించాలి. ఈలోగా కేకు మధ్యలో కుంగిపోతుంది." బన్నులకీ పిజ్జాకీ వేడి ఎక్కువ పెట్టినప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేదట.

పక్క ఊళ్లో స్టవ్వుల రిపేరు షాపు ఉన్న బంధువుని పిలిపించారు. అత్తగారికి సొంత అన్న కొడుకు. "మావారికి మేనబావ, నాకు వరసకు అన్నయ్య. 2021లో మామగారికి కరోనా వచ్చినప్పుడు ఎవరూ దగ్గరికి రాని రోజుల్లో ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్లారు." ఆయన వాల్వు విప్పి, స్ప్రింగుతో ఉన్న చిన్న ముక్క ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఇదే అడ్డుపడుతోంది. ఇక నీ ఓవెన్ ఆరిపోదు చెల్లెమ్మా" అని చెప్పి, పైసా తీసుకోకుండా వెళ్లారు. ఇప్పుడు నాబ్ నొక్కిపట్టక్కర్లేదు. టక్‌మనే చప్పుడు కూడా లేదు.

మూడు వారాల కిందట ఒక సాయంత్రం కేకు పెట్టి, చిన్నబ్బాయిని ట్యూషన్ నుంచి తీసుకురావడానికి వెళ్లారు. నలభై నిమిషాల తరవాత వచ్చేసరికి వసారా నిండా గ్యాస్ వాసన. "నిలబడితే కొంచెం, వంగితే గుప్పుమంది." రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరిచారు. ముందు గదిలో అత్తగారు నిద్రపోతున్నారు. ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి కేకు అయ్యేదాకా ఓవెన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు. రాత్రుళ్లు లేచి బండ చూసొస్తున్నారు.

ఆవిడ అడిగినవి మూడు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు ఓవెన్ వాల్వు మార్చే వీడియో పంపింది, అది చూసి తానే మార్చుకోవచ్చా? లేకపోతే కరెంటు ఓవెన్ కొనేసుకోవడం మంచిదా? ఈ సంగతి అన్నయ్యకి ఎలా చెప్పాలి? కదిలిస్తే అత్తగారు "మా పుట్టింటివాడి చేతిపనికి వంక పెడతావా" అంటున్నారు, భర్తేమో "పనిచేస్తోందిగా, ఇంకేంటి" అంటున్నారు.

అమ్మా,

ముందు ఒక పని చేసి వచ్చి మిగతాది చదవండి. ఆ ఓవెన్‌కి తగిలించిన బండ దగ్గరికి వెళ్లి రెగ్యులేటర్ కట్టేయండి. కట్టేసి ఊరుకోకుండా రెగ్యులేటర్ ఊడదీసి, బండకి దాని మూత బిగించండి. వాల్వు మళ్లీ సరిగ్గా అమరేవరకు ఆ ఓవెన్ వెలిగించకండి. స్టూలు వేసుకుని కూర్చున్నా సరే, ఒక్క కేకే అయినా సరే. మిగతా విషయాల్లో మీ ముందు దారులున్నాయి, వాటిలో ఏది ఎంచుకున్నా నేను కాదనను. ఇందులో మాత్రం రెండో దారి లేదు.

ఆ సాయంత్రం మీరు చేసింది సరైన పని. గ్యాస్ కట్టేశారు, తలుపులు తీశారు. మళ్లీ ఎప్పుడైనా, ఎవరింట్లోనైనా అలాంటి వాసన వస్తే దీనికి తోడు ఇంకొకటి గుర్తుంచుకోండి: ఏ స్విచ్చూ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గ్యాస్ పోతుందనుకుంటాం, కానీ స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఇంట్లోవాళ్లందరినీ బయటికి పంపి, బయట నిలబడి 1906కి ఫోన్ చేయాలి. గ్యాస్ లీకులకోసం పెట్టిన నంబరు అది, రాత్రీ పగలూ పలుకుతుంది. అది ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, మీ అత్తగారికి కనపడేంత పెద్దక్షరాల్లో.

ఇక ఓవెన్ సంగతి. మా నాన్నగారికి స్టవ్వులు బాగుచేసే కొట్టు ఉండేది. చిన్నప్పుడు నా సెలవులన్నీ అక్కడే గడిచాయి, ఇలాంటి వాల్వులు విప్పడం ఆయన పక్కన కూర్చుని చూశాను. మీ ఉత్తరంలో ఒక వాక్యం చదివి చాలాసేపు ఆగాను: "ఆరిపోతుంది, ఇంకాసేపటికి లోపలెక్కడో టక్‌మంటుంది." మీరు మామూలుగా రాసిన ఆ వరసలోనే జబ్బు ఎక్కడుందో ఉంది.

ఆ టక్ ఏమిటో చెప్తాను. ఓవెన్ బర్నర్ పక్కన పెన్సిలు మొనంత లోహపు మొన ఒకటి మంటకి తగులుతూ ఉంటుంది. దాని వెనక సన్నటి రాగి తీగలాంటిది వాల్వు దాకా వెళ్తుంది. థర్మోకపుల్ అంటారు. మొన వేడెక్కితే అందులో కాస్త విద్యుత్తు పుడుతుంది, 20 నుంచి 30 మిల్లీవోల్టులు. టార్చి బ్యాటరీలో యాభయ్యో వంతు మించదు. ఆ కొద్దిపాటి విద్యుత్తుతోనే వాల్వులో ఉన్న చిన్న అయస్కాంతం ఒక బిళ్లని పట్టుకుని గ్యాస్ దారి తెరిచి ఉంచుతుంది. బిళ్లని లాక్కునేంత బలం దానికి లేదు, దగ్గరికి తెచ్చి ఇస్తే పట్టుకునేంత బలమే ఉంది. మీరు వెలిగించేటప్పుడు నాబ్ నొక్కిపట్టుకునేది అందుకే: బిళ్లని అయస్కాంతం దాకా మీ వేలితో తోస్తున్నారు, మొన వేడెక్కేదాకా ఆగుతున్నారు. మంట ఆరిపోతే మొన చల్లబడుతుంది, అయస్కాంతం బిళ్లని వదిలేస్తుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి నెట్టి గ్యాస్ మూసేస్తుంది. ఆ మూసిన చప్పుడే టక్.

వాల్వు పాడై మంటని ఆర్పుతూ ఉంటే ముందు టక్ వినపడాలి, తరవాత మంట ఆరాలి. మీ ఓవెన్లో అది తిరగబడి ఉంది. మంట తనంతట తాను ముందే ఆరిపోతోంది. వాల్వు ఆ సంగతి కనిపెట్టి, గ్యాస్ మూసి, తన పని తాను చేస్తోంది. మీరు రాసినదాన్నిబట్టి ఆ వాల్వుకి ఏ రోగమూ లేదు.

మరి మంట ఎందుకు ఆరుతోంది? దానికీ జవాబు మీరే రాశారు. బన్నులకి వేడి ఎక్కువ పెడితే ఆరదు, కేకులకి తక్కువ పెడితే ఇరవై నిమిషాలకి ఆరుతుంది. ఓవెన్లో మీరు పెట్టిన వేడి అందగానే థర్మోస్టాట్ గ్యాస్‌ని తగ్గించేస్తుంది. పూర్తిగా ఆపదు. మంట బతికి ఉండేటంత గ్యాస్ ఒక చిన్న పక్కదారిలోంచి వెళ్తుంది, దాన్ని సరిచేయడానికి ఒక చిన్న స్క్రూ ఉంటుంది. మెకానిక్కులు దాన్ని సిమ్ స్క్రూ అనో బైపాస్ స్క్రూ అనో అంటారు. కేకుకి 160, 170 డిగ్రీలు పెడితే ఆ వేడి ఇరవై నిమిషాల్లోపే అందుతుంది, మంట సన్నబడుతుంది. బన్నులకి 220 పెడితే అందడానికి ఎక్కువసేపు పడుతుంది, అప్పటికి మీ బన్ను అయిపోతుంది. కాబట్టి అనుమానించాల్సింది ఆ సన్నమంటని. ఆ పక్కదారిలో మురికి పేరుకుని ఉండొచ్చు, స్క్రూ మరీ బిగిసి ఉండొచ్చు. దానికి తోడు మీరు ఓవెన్ని వసారాలోకి మార్చాకే ఇదంతా మొదలైందంటున్నారు. కిటికీ గాలి ఓవెన్ కింది సందుల్లోంచి దూరి, బక్కచిక్కిన మంటని ఊదేస్తూ ఉండొచ్చు. వంటింట్లో గాలి లేదు కాబట్టి అదే సన్నమంట అక్కడ బతికింది. ఉత్తరం చదివి చెప్పే మాట ఇది, ఓవెన్ ముందు కూర్చున్న మనిషి చూసి ఖాయం చేయాలి. కానీ వెతకడం ఇక్కడ మొదలుపెట్టమనండి.

ఇప్పుడు మీ అన్నయ్యగారు చేసిన పని. మంట ఆరడానికి కారణం అలాగే ఉంది. ఆరిందని కనిపెట్టి గ్యాస్ మూసేది పోయింది. ఆ సాయంత్రం జరిగింది అదే. ఇందులో ఇంకో సంగతి ఉంది, అది తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను. మంట ఆరాక ఓవెన్ చల్లబడుతుంది. చల్లబడుతోంది కదా అని థర్మోస్టాట్ గ్యాస్‌ని పెంచుతుంది. దానికి వేడి సంగతే తెలుసు, మంట ఉందో లేదో తెలియదు. అంటే మొదట సన్నగా వచ్చిన గ్యాస్, కాసేపటికి పూర్తి ధారగా వస్తుంది. ఇళ్లలో వాడే ఓవెన్ బర్నర్ పూర్తిగా తెరిస్తే గంటకి సుమారు 200 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. ఆ లెక్కన అరగంటలో 100 గ్రాములు, ఆవిరి రూపంలో యాభై లీటర్ల దాకా. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, అంటుకోవడానికి. గాలికంటే బరువు కాబట్టి అది నేలమీద పరుచుకుంటుంది. మీరు వంగినప్పుడు గుప్పుమన్నది అందుకే. మీకు వాసన తగిలింది, మీరు లైటర్ కొట్టలేదు. తగలకపోయి ఉంటే, ఓవెన్ ఆరిపోయిందే అనుకుని తలుపు తెరిచి మళ్లీ వెలిగించి ఉంటే, ఆ పెట్టె నిండా ఉన్నది ఒక్కసారిగా అంటుకునేది.

మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. మీ భయం సరైనదని చెప్పడానికి రాస్తున్నాను. "పనిచేస్తోందిగా" అన్న మాట మూడు వారాలుగా విని, నాదే చాదస్తమేమో అనుకుంటున్నానని రాశారు. చాదస్తం కాదమ్మా. ఇంట్లో ఉన్న అందరిలో ఆ ఓవెన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది మీరే.

మీ అన్నయ్యగారి గురించి కూడా ఒక మాట. ఆయన మంచితనంలో నాకు అనుమానం లేదు. మన ఇళ్లలో మామూలు స్టవ్వులకి చాలావాటికి ఈ వాల్వు ఉండదు. ఆయన రోజూ బాగుచేసేవి అవే. అవి నడుస్తున్నాయి కాబట్టి ఇది లేకపోయినా నడుస్తుందనుకున్నారు. తేడా ఏమిటంటే, స్టవ్వు మీద పాలు పొంగి మంట ఆరితే ఎదురుగా ఉన్న మనిషికి కనపడుతుంది, చెయ్యి చాపి కట్టేస్తుంది. ఓవెన్ మూసిన పెట్టె. అందులో చూసే కన్ను ఆ వాల్వు ఒక్కటే. మా నాన్నగారి కొట్టుకి కూడా "ఆ నొక్కిపట్టే బాధ తీసేయండి" అని అడిగేవాళ్లు వచ్చేవారు. ఆయన ఒప్పుకునేవారు కాదు, అందుకు కొందరు వేరే కొట్టుకి వెళ్లిపోయారు కూడా. రిపేరు చేసేవాడి మీద ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీరే మార్చుకోవడం గురించి. మీ ఆడపడుచు పంపిన వీడియోలో మీటరు పెట్టి ఆంపియర్లు కొలుస్తున్నారని రాశారు. అది వేరే రకం ఓవెన్. అమెరికాలో ఎక్కువగా ఉండేవాటిలో ఒక ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, దానిలోంచి వెళ్లే సుమారు 3 ఆంపియర్ల కరెంటే వాల్వుని తెరుస్తుంది. ఇగ్నైటర్ పాతబడితే ఎర్రగా కనపడుతూనే ఉంటుంది కానీ వాల్వు తెరుచుకునేంత కరెంటు రాదు. అక్కడ కూడా జనం ముందు వాల్వుని అనుమానించి, డబ్బు తగలేసి, చివరికి ఇగ్నైటర్ మారుస్తారు. ఆవిడకి ఆ ఓవెన్ సంగతి తెలిసి ఉండొచ్చు, మీ ఓవెన్ దారి మాత్రం అది కాదు. ఆ వీడియో పక్కన పెట్టేయండి.

మీ చేతులతో మీరు చేసుకోగలిగినవి ఉన్నాయి. థర్మోకపుల్ మొన మీద మసి ఉంటే చల్లారాక మెత్తటి గుడ్డతో తుడవచ్చు. వాల్వు అమరాక వెలిగించినప్పుడు మంట నీలంగా ఉందా, కొసలు పసుపుగా ఉన్నాయా చూడవచ్చు. పసుపైతే గాలి సరిగ్గా కలవడం లేదని అర్థం, మసి దాన్నుంచే వస్తుంది. బండ పైపు మీద అచ్చువేసిన తేదీ చూసి, అయిదేళ్లు దాటితే మార్పించవచ్చు. కీళ్లకి సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయా చూడవచ్చు. అగ్గిపుల్లతో చూసే పాత అలవాటు ఇంట్లో ఎవరికున్నా మాన్పించండి. ఇక గ్యాస్ వెళ్లే కీలు విప్పి వాల్వు మార్చడం మాత్రం మీరు చేయకండి. మీకు చేతకాదని కాదు. సరైన ముక్క అదేనో కాదో, మర సరిపోయిందో లేదో తప్పు చేసి నేర్చుకునే పని ఇది కాదు. వీడియో చూసి ఆన్‌లైన్లో తెప్పించిన వాల్వు చూడ్డానికి ఒకేలా ఉండి, లోపలి రంధ్రం వేరే గ్యాస్‌కి చేసినదై ఉండొచ్చు.

అయితే ఎవరు మార్చాలి? నాకు మూడు దారులు కనపడుతున్నాయి.

ఒకటి, ఓవెన్ తయారుచేసిన కంపెనీ సర్వీసు మనిషి. ఓవెన్ వెనకో, తలుపు లోపలి అంచునో ఒక చిన్న రేకు మీద మోడల్ నంబరు ఉంటుంది. అది ఫోటో తీసి పంపితే వాళ్ల దగ్గర సరైన వాల్వు దొరుకుతుంది. డబ్బు ఎక్కువవుతుంది. ముక్క తెప్పించడానికి వారమో రెండు వారాలో పట్టొచ్చు, క్రిస్మస్‌కి ఇంకా ఆరు వారాలుంది కాబట్టి ఈ వారమే ఫోన్ చేయాలి. రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక రశీదు ఉంటుంది, ఇది దీని బలం. అన్నయ్యగారికి తెలిస్తే నొచ్చుకుంటారు, ఇది దీని కష్టం.

రెండోది, అన్నయ్యగారితోనే మళ్లీ అమర్పించడం. నిజం చెప్పాలంటే నా మనసు ఇటే మొగ్గుతోంది, కానీ షరతులున్నాయి. ముక్క కంపెనీదే కావాలి, మోడల్ నంబరుతో తెప్పించాలి. మీ దగ్గరున్న పాత ముక్కని తిరిగి పెట్టించకండి. విప్పి, ఇన్నాళ్లు పక్కన పడి ఉన్నదాన్ని నమ్మలేం. సన్నమంట స్క్రూ, పక్కదారి శుభ్రం చేయడం అదే రోజు అవ్వాలి. ఇది మరీ ముఖ్యం. వాల్వు ఒక్కటే మార్చి ఇది వదిలేస్తే మొదటి వారమే కేకు మళ్లీ కుంగుతుంది, "చూశావా, తీసేస్తేనే బాగుంది" అన్న మాట మళ్లీ వస్తుంది. ఇంకో చిన్న సంగతి: థర్మోకపుల్ నట్టుకి టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. చాలామంది అలవాటుగా చుట్టేస్తారు. అక్కడ గ్యాస్ ఉండదు, విద్యుత్తు వెళ్తుంది, టేపు అడ్డుపడితే కొత్త వాల్వు కూడా నిలబడదు. చేత్తో బిగించి, ఆపైన స్పానర్‌తో కొంచెం తిప్పితే చాలు.

మూడోది కరెంటు ఓవెన్. మంట ఆరే భయం ఉండదు, మీకు నిద్ర పడుతుంది, అది చిన్న లాభం కాదు. కానీ లెక్క చూసుకోండి. ఇంట్లో వాడే పెద్ద ఓటీజీ అయినా మీ గ్యాస్ ఓవెన్లో పట్టినన్ని టిన్నులు ఒకసారికి పట్టవు. వందకు పైగా ఆర్డర్లంటే రాత్రుళ్లు కూర్చోవాలి. రెండు వేల వాట్ల పరికరానికి 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగ్గ వైరు కావాలి. వసారాలో లైటుకి లాగిన సన్నవైరుకి తగిలిస్తే ఒక ప్రమాదం వదిలించుకుని ఇంకోదాన్ని తెచ్చుకున్నట్టు. కేకు మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారో ఆలోచించుకోవాలి. వాయిదాల మీద కొనడానికి మీవారు వెనకాడుతున్నారంటే ఈ లెక్కలో కొంత ఆయన వైపు కూడా ఉంది.

వాల్వు అనుకున్న వేళకి రాకపోతే ఈ ఒక్క సీజన్‌కి మీ ఊళ్లో బేకరీ వాళ్లని అడిగి చూడండి. సాయంత్రం బన్నుల పని అయ్యాక బట్టీలో వేడి ఇంకా ఉంటుంది. టిన్నుకి ఇంతని ఇచ్చి మీ కేకులు అక్కడ కాల్పించుకోవచ్చు. లాభం తగ్గుతుంది, మీ ఆర్డర్లు నిలబడతాయి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. ఇంటికిచ్చిన 14.2 కిలోల బండతో వ్యాపారం చేయకూడదు. 2000లో వచ్చిన ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం అది తప్పు. మొదట్లో ఒకటీ అరా కేకులకి ఎవరూ పట్టించుకోలేదు, మీరు కూడా అనుకుని ఉండరు. వంద ఆర్డర్లు దాటాక మాత్రం ఏదైనా జరగరానిది జరిగితే మొదట అడిగేది ఇదే. గ్యాస్ ఏజెన్సీలో 19 కిలోల వాణిజ్య బండ గురించి కనుక్కోండి. ఖరీదు ఎక్కువ, కాబట్టి కేకు ధర మీద కొంత పడుతుంది. ఆ బండ తీసుకుంటే ఒక జాగ్రత్త: హోటళ్ల పెద్ద పొయ్యిలకి వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ మీ ఓవెన్‌కి పెట్టనివ్వకండి. ఇంటి ఓవెన్ సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడికి చేసింది. లో ప్రెషర్ రెగ్యులేటర్ కావాలని నోరు తెరిచి అడగండి.

ఇప్పుడు మనుషుల సంగతి. దీనికే మీరు ఎక్కువ పేజీలు రాశారు.

అన్నయ్యగారి కంటే ముందు మీవారికి చెప్పాలి. వాల్వు సంగతి కాదు, ఆ సాయంత్రం సంగతి. మీవారు "పనిచేస్తోందిగా" అంటున్నారంటే ఆయనకి తెలిసింది అంతవరకే. మీరు వసారాలో వంగి వాసన చూసిన సంగతి ఆయనకి తెలియదు. చెప్తే ఓవెన్ తీసేయమంటారేమో, వ్యాపారం ఆగిపోతుందేమో అని మీరు దాచారు. ఆ భయం నాకు అర్థమైంది. కానీ స్టూలు వేసుకుని కూర్చోవాలని ఆ ఇంట్లో తెలిసింది మీకొక్కరికే. మీరు పుట్టింటికి వెళ్లిన రోజు మీ పెద్దమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజుకి తనే కేకు చేద్దామనుకోవచ్చు. అమ్మ చేస్తుంటే ఎన్నోసార్లు చూసింది, నాబ్ నొక్కిపట్టే పని కూడా ఇప్పుడు లేదు. దాచడం వల్ల వచ్చే నష్టం ఇది. చెప్పడం వల్ల నాలుగు రోజులు మీవారికి కోపమో బెంగో ఉండొచ్చు, అది తట్టుకోగలరు. ఆ మాటలోనే "ఓవెన్ తీసేయక్కర్లేదు, ఇలా బాగుచేయించొచ్చు" అని దారి కూడా చూపించండి. ప్రమాదం ఒక్కటే వినిపిస్తే ఎవరైనా ముందు అనే మాట "తీసేయ్" అనే.

అత్తగారి ముందు ఇది పుట్టింటి గౌరవం తగాదాగా మారకుండా చూడాలి. అందుకే అన్నయ్యగారికి మీవారు ఒక్కరే ఫోన్ చేయడం కంటే, మీ ఇద్దరూ కలిసి ఆయన షాపుకి వెళ్లడం మంచిది. అత్తగారి ఎదురుగా అయితే ఆయన తన పనిని వెనకేసుకు రావాల్సి వస్తుంది. షాపులో ఆయన తన పనిముట్ల మధ్య ఉంటారు, పని గురించి పనివాడిలా మాట్లాడతారు. ఆ ముక్క పట్టుకెళ్లండి. నేనైతే ఇలా మొదలుపెడతాను: "అన్నయ్యగారూ, మీరు బాగుచేసి వెళ్లాక ఒక రోజు మంట ఆరిపోయి గ్యాస్ నిండిపోయింది. అత్తయ్యగారు ఇంట్లోనే ఉన్నారు. మీకు చెప్పకుండా ఇంకొకళ్లని పిలవడం నాకు ఇష్టం లేదు. మంట ఆరడానికి సన్నమంట స్క్రూ కారణమేమో చూస్తారా? వాల్వు కొత్తది తెప్పిస్తాం, మీరే వెయ్యాలి." ఇందులో అబద్ధం లేదు, నింద లేదు. జరిగింది జరిగినట్టు ఉంది. ఇంకొకటి, ఈసారి ఆయన కూలి ఆయనకి ఇవ్వండి, వద్దన్నా ఇవ్వండి. ఊరికే చేసిన పనిలో లోపం చెప్పడం ఎంత కష్టమో మీరు చూశారు. డబ్బిచ్చిన పనిలో అడిగే హక్కు ఉంటుంది, చెప్పించుకునే ఆయనకీ తేలిగ్గా ఉంటుంది.

విని "నాకు తెలియదా ఇదంతా" అని కొట్టిపారేస్తే? అలా జరగొచ్చు. అప్పుడు మొదటి దారి ఉంది. కంపెనీ మనిషిని పిలిపించండి, ఆయన నొచ్చుకున్నా సరే. 2021లో ఆయన చేసిన సాయం చాలా పెద్దది, అది మరిచిపోమని ఎవరూ అనరు. మామగారి కోసం ఆ రోజుల్లో ప్రాణానికి తెగించిన మనిషి, అత్తగారి ప్రాణం సంగతి చెప్తే వినడని నేను అనుకోవడం లేదు. ఒకవేళ కొన్నాళ్లు మాటలు తగ్గినా పండక్కి పిలవండి, వస్తారు.

కొత్త వాల్వు ఎవరు వేసినా, వాళ్లు ఇంట్లో ఉండగానే మీరు నాలుగు చూసుకోవాలి. విప్పిన ప్రతి కీలుకీ సబ్బు నురగ రాయించండి. వెలిగించి, నాబ్ వదిలాక మంట నిలబడాలి. 160 డిగ్రీలు పెట్టి అరగంట ఆగండి, టీ ఇచ్చి కూర్చోబెట్టండి. మంట సన్నబడ్డాక కూడా నీలంగా, మొనకి తగులుతూ ఉండాలి. వసారా కిటికీ తీసి ఒకసారి, మూసి ఒకసారి చూడండి. గాలికి ఊగుతుంటే ఓవెన్ని గోడవైపు తిప్పించండి, కింది సందులకి అడ్డం మాత్రం పెట్టకండి, గాలి అందకపోతే మంట చెడుతుంది. చివరగా నాబ్ కట్టేసి, ఫ్యాను ఆపి, పిల్లల్ని మాట్లాడొద్దని చెప్పి నిలబడండి. ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. లోపల టక్‌మనాలి. అది మీ చెవులతో వినేదాకా ఆ మనిషిని పంపకండి, క్రిస్మస్ ఆర్డర్లకి అడ్వాన్సులు తీసుకోకండి.